నురుగునకు నారబలము
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను చదివినది చరిత్ర, రసాయనశాస్త్రము కాదు. అయినను హజీరా త్రోవలోనున్న ఈ ఇచ్ఛాపూర్ ప్రాంతమున పాలిమరు అనునది కొత్త మాట కాదు. హజీరా కర్మాగారములలో ప్లాస్టిక్కులు, పాలియెస్టరు తయారగుచున్నవి. సూరత్ మగ్గములపై మన నేతసోదరులు కృత్రిమపు నూలు నేయుచున్నారు. ప్లాస్టిక్కునకును పోగునకును గల ఒక చుట్టరికమును గూర్చి నేడు మనవి చేసెదను.

ప్లాస్టిక్కును వాయువుతో పొంగించినచో నురుగు ఏర్పడును. మనమెరిగిన థర్మోకోల్, పరుపుల స్పాంజి ఇట్టివే. తేలికగా నుండుట, వేడిని అడ్డగించుట వీని సుగుణములు. కాని వీనిలో పెక్కు సులభముగా అంటుకొని దట్టమైన పొగ గ్రక్కును. అగ్నిభయమెట్టిదో సూరత్ వాసులకు చెప్పనక్కరలేదు. 2019 మే 24న సర్థాణాలోని తక్షశిలా భవనమున 22 మంది విద్యార్థులు అసువులు బాసిరి. ఆ విపత్తునకు కారణములు అనేకములు. మండు వస్తువుల యెడ జాగ్రత్త మాత్రము అందరికిని పాఠము.

నిప్పునకు ఓర్చు నురుగు లేకపోలేదు. 1907లో లియో బేక్‌లండ్ కనుగొనిన బేకలైట్ జాతికి చెందిన ఫినాలిక్ నురుగు త్వరగా మండదు, పొగయు స్వల్పము. అయితే అది పెళుసు. వ్రేలితో రాచినచో పొడి రాలును. బుడగల నడిమి పలుచని గోడలలో పగులు పుట్టెనా, అడ్డులేక సాగిపోవును.

దీని విరుగుడు సూత్రము మన పల్లెలకు తెలిసినదే. మట్టిగోడ పెట్టువారు మట్టిలో గడ్డిముక్కలు కలిపి త్రొక్కుదురు. అట్లే శాస్త్రజ్ఞులు కొలది మిల్లీమీటర్ల గాజు పోగులను, కెవ్లార్ వంటి అరామిడ్ పోగులను ఫినాలిక్ నురుగులో కలిపి చూచిరి. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున స్టీవెన్ నట్ బృందము 2000 తరువాతి సంవత్సరములలో ఇట్టి పరిశోధనలు చేసెను. పగులు వచ్చినచోట పోగు వంతెనవలె ఇరుదరులను పట్టుకొనును. అది ఊడివచ్చుటకే బలము ఖర్చగును గనుక పగులు మందగించును. గాజు పోగు బిగువును, అరామిడ్ పోగు చీలికకు ఓర్పును ప్రధానముగా నిచ్చును.

మోతాదు మాత్రము తప్పరాదు. పోగులు మిక్కిలి పొడవైనను, ఎక్కువైనను ఉండలు కట్టును. ద్రవము చిక్కబడి నురుగు సరిగా పొంగదు. పట్టు వదులైన పోగు ఊరక జారిపోవును; మరీ బిగిసిన పోగు తెగిపోవును.

గోడలోని నురుగొక్కటే ప్రాణరక్ష చేయజాలదు; మెట్లును, ద్వారములును సక్రమముగా నుండవలెను. అయినను కట్టడముల కాగితములు చూచు మనవంటి ఉద్యోగులు ఒక వస్తువును గూర్చి ధర యెంత, బరువెంత అని అడుగుటతో ఆగరాదు. అది మండునా, పొడియై రాలునా అనియు అడుగవలెను. ఆ రెండు ప్రశ్నలకును ఒకేమారు సమాధానము చెప్పు దారిని ఈ చిన్న పోగు చూపుచున్నది.