గురుభక్తి - ఇంగితజ్ఞానము



నేడు ఆషాఢ పూర్ణిమ. వ్యాస భగవానుని స్మరించి గురువులను పూజించుకొను దినము. గురువుల మహిమను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ధర్మకర్తలు మమ్ము కోరిరి. లోకములో గురువులపై గౌరవము తగ్గినదనియు, దానితోపాటు ఇంగితజ్ఞానమును తగ్గినదనియు అందరు అనుచున్నారు. మేమును అనుచుందుము. అయితే ఈ రెండింటికి గల సంబంధమేమో, ఇందు మా వంటి వారి పాలు ఎంతయో విచారింపక, కాలమును నిందించి ఇంటికి పోవుట సులభము.

మొదట ఒక సంగతి. 2024వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన మహాలయ అమావాస్య వచ్చినది. ఆనాడే సూర్యగ్రహణము. దానికి రెండు దినముల ముందు నుండి జనులు మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, పితృకార్యము చేయవచ్చునా? వంట ఎప్పుడు ముగింపవలెను? కడుపుతో ఉన్న మా అమ్మాయి ఏ గదిలో ఉండవలెను?" అని అడుగసాగిరి. అందరి ఫోనులలోను ఎవరో పంపిన సందేశమొకటి ఉన్నది. ఆ గ్రహణము మన గడియారము ప్రకారము రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట మొదలగునది. "నాయనా, ఆ వేళకు మనకు సూర్యుడే ఉండడు గదా! గ్రహణమెక్కడిది?" అని మేమంటిమి. కంటికి కనబడని గ్రహణమునకు నియమములు లేవని ధర్మశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అది తెలియకపోవుట దోషము కాదు. రాత్రివేళ సూర్యుడుండడని తెలియుటకు శాస్త్రమెందుకు? వచ్చినవారిలో ఇంజనీరింగు చదివినవారు ఉన్నారు, వేదాధ్యయనము చేసిన యువకుడొకడును ఉన్నాడు. కనుక నేరమంతయు ఇంగ్లీషు చదువు మీద వేయుటకు వీలులేదు.

మేము 1960వ దశకములో గోదావరీ తీరమున ఒక పాఠశాలలో చదువుకొంటిమి. తెల్లవారుజామున నదీస్నానము చేసి సంతకు కూర్చుండవలెనని మా గురువుగారి నియమము. ఒక శ్రావణమాసములో వరద వచ్చినది. నీరు ఎఱ్ఱగా సుడులు తిరుగుచున్నది. నియమము తప్పినచో గురువుగారేమందురో అను భయముతో మేము మెట్లు దిగితిమి. పాచిపట్టిన మెట్టుపై కాలు జారినది. రేవులో ఉన్న పడవవాడు పిలక పట్టి లాగకపోయినచో ఈనాడు ఈ ఉపన్యాసము లేదు.

గురువుగారు కోపగింపలేదు. తమ అంగవస్త్రముతో మా తల తుడిచి, "స్నానము చేయుమని నేను చెప్పితినిరా. నదిని చూడుమని కూడ నేనే చెప్పవలెనా? నూతివద్ద రెండు చెంబులు పోసికొన్నచో కాదందునా?" అనిరి. మఱునాటి నుండి ఆ మాసమంతయు సంత మొదలిడుటకు ముందు మమ్ములను ప్రశ్నించుచుండిరి. నీరు ఎన్నవ మెట్టు వద్ద ఉన్నది? గాలి ఏ వైపునుండి వీచుచున్నది? పడవలు నడచుచున్నవా, కట్టివేసినారా? చెప్పలేనివాడు తిరిగి రేవునకు పోయి చూచి రావలెను. అప్పుడది మాకు అదనపు శ్రమవలె తోచినది. వేదములో అక్షరమైన మఱచితిమేమో గాని, ఒక పని చేయబోవు ముందు చుట్టును చూచు ఆ అలవాటు నేటికిని మమ్ము విడువలేదు.

ఇట్టి చదువు ఏ గ్రంథములోను వ్రాసి ఉండదు. ఒక మనిషి దగ్గఱ మసలినప్పుడే అబ్బును. ఆ మనిషి మన తప్పును దిద్దవచ్చునని మనము ఒప్పుకొన్ననాడే అబ్బును. మా దృష్టిలో గురువును గౌరవించుటయన్న ముఖ్యముగా ఈ ఒప్పుకోలు. పాదనమస్కారము దాని తరువాతిది. పిల్లవానికి రెండు మార్కులు తగ్గినవని తండ్రి పాఠశాలకు పోయి, ఆ పిల్లవాని ఎదుటనే పంతులుగారిని కసరుచున్నాడు. మార్కుల మాట అటుండనిండు. నన్ను దిద్దుటకు ఈయనకు అధికారము లేదని ఆ బాలుడు ఆ క్షణమున నేర్చుకొనుచున్నాడు. ఇక వానికి మెట్టు జారుడుగా ఉన్నదని చెప్పువారెవరు?

ఇంతవరకు చెప్పి ఊరకుండినచో సగమే చెప్పినట్లగును.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగించి పోవు శిష్యునకు ఆచార్యుడు చేయు ఉపదేశమొకటి కలదు. ఆచార్యుని దైవముగా భావింపుమను మాట అందులోనిదే. సభలలో చాలమంది అంతవరకు చెప్పి ఆగుదురు. ఆ వెంటనే ఆ ఆచార్యుడే, మాలో మంచి నడతలు ఏవి కలవో వానినే నీవు అనుసరింపుము, తక్కినవి వలదు అను అర్థము వచ్చునట్లు చెప్పినాడు. ఎంత ధైర్యము గల గురువు! ఇంకను, ఎట్లు నడువవలెనో సందేహము కలిగినచో, అచటనున్న విచారశీలురు, కరకుదనము లేని ధర్మాత్ములు ఎట్లు నడతురో చూచి అట్లు నడువుమన్నాడు. గ్రంథము విప్పుమనలేదు, మనుష్యులను చూడుమన్నాడు. కరకుదనము లేనివారు అను విశేషణమును మేము చాలకాలము పైపైననే చదివితిమి.

సుమారు ముప్పది యేండ్ల క్రిందట మాట. మా వద్ద చదువుచున్న పదకొండేండ్ల బాలుడొకడు సంతలో కూర్చుండి తూగుచు, ఒకే పనసలో మూడు పర్యాయములు స్వరము తప్పినాడు. మేము రెండు దెబ్బలు వేసితిమి. వాడు కన్నీరు మ్రింగి తిరిగి వల్లించినాడు. మధ్యాహ్నము వడ్డించుచు మా గృహిణి వాని నుదుట చేయి పెట్టి చూచినది. ఒడలు కాలిపోవుచున్నది. "మీకు స్వరము తప్పినది వినబడినది గాని, వాని గొంతు బొంగురుపోయినది వినబడలేదా?" అని ఆమె అడిగినది. మా వద్ద సమాధానము లేకపోయినది. వాడు జ్వరమని చెప్పకపోవుట గౌరవమని ఆ ఉదయము వఱకు మేము అనుకొని ఉందుము. అది భయము. ఆనాడు ఇంగితజ్ఞానము లోపించినది శిష్యునిలో కాదు.

ఛాందోగ్యములో ఉపకోసలుని కథ ఉన్నది. పండ్రెండేండ్లు అగ్నులను సేవించినను గురువైన సత్యకాముడు వానికి విద్య చెప్పలేదు. తక్కిన శిష్యులను పంపివేసినాడు, వీనిని మాత్రము ఆపినాడు. వీడు ఎంతో తపించినాడు, వీనికి చెప్పుడని భార్య అడిగినను వినక ప్రయాణమై పోయినాడు. శిష్యుడు దిగులుతో అన్నము మానినాడు. అన్నము తినుమని అడిగినది ఆ తల్లియే. చివరకు అగ్నులకే జాలి కలిగి వానికి ఉపదేశించినవి. సత్యకాముని వంటి మహానుభావుడే చూడలేనిది ఇంటి ఇల్లాలు చూచినదని ఉపనిషత్తు దాచక చెప్పినది.

పాఠశాలలలో పిల్లలను కొట్టుటను, మనసు నొప్పించుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. అందువలననే గురువులన్న భయము పోయినదని మా తోటి పండితులు కొందఱు అందురు. మేము అంగీకరింపము. 2012లో చేసిన సవరణ చేత వేదపాఠశాలలకు ఆ చట్టము వర్తింపదు. చట్టము అడుగదు గనుక మమ్ములను మేమే అడుగుకొనవలెను. ఆ దినము తరువాత మేము ఏ శిష్యునిపైనను చేయి ఎత్తలేదు. అధ్యయనమేమియు కుంటుపడలేదు. సంతకు ముందు ప్రతివాని ముఖము ఒకసారి చూచుట మాత్రము అలవాటైనది. గురువుగారు మమ్ము నదిని చూడుమన్నట్లే.

ఆ బాలుడు ఇప్పుడు తానే వేదము చెప్పుచున్నాడు. నిరుడు ఇదే పూర్ణిమనాడు పండ్లు తీసికొని వచ్చినాడు. నమస్కరింపబోవుచుండగా ఆపి, "ఆనాడు నిన్ను కొట్టితిమి, అది మా తప్పు నాయనా" అంటిమి. వాడు తల వంచుకొని కొంతసేపు ఊరకుండినాడు. పిమ్మట, "అమ్మగారు లోపల ఉన్నారా, గురువుగారూ?" అని అడిగి, పండ్లు తీసికొని వంటయింటివైపు నడచినాడు.