జిడ్డు వాళ్ళది, గోతిలో దిగేది మనమా?

(తెనాలి, బాపట్ల, రేపల్లె వాడల్లో పారిశుద్ధ్య కార్మికులతో మాట్లాడిన మాటల పాఠం)



ఇవాళ నేను ఒక తొట్టి గురించి చెప్పటానికి వచ్చాను. నవ్వకండి. ఆ తొట్టిలో కులం ఉంది, మన ప్రాణం ఉంది.

హోటలు ముందు బిర్యానీ వాసన. వెనక్కి వెళ్తే కాలువ కంపు. మూకుళ్ళు, పళ్ళేలు కడిగిన నీళ్ళలో నూనె, మాంసం కొవ్వు, మెతుకులు కొట్టుకొస్తాయి. వేడి మీద కొవ్వు నీళ్ళలాగే పారుతుంది. కాలువలో చల్లబడి గడ్డ కడుతుంది. ఇసుక, ప్లాస్టిక్ సంచులు దానికి అంటుకుంటాయి. మనది డెల్టా, నీళ్ళు అసలే మెల్లగా నడిచే నేల. ఇక కాలువ పూడక ఏమవుతుంది? ఇది మన ఊళ్ళ సంగతే కాదు. 2017లో లండన్ వైట్‌చాపెల్ వీధి కింద 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువున్న కొవ్వు గడ్డ బయటపడింది.

దీనికి విరుగుడు గ్రీజు ట్రాప్. మనం జిడ్డు తొట్టి అందాం. పెద్దకూర చల్లారాక పైన తెట్టు కడుతుంది చూశారా? అదే సూత్రం. సింకు నీళ్ళు నేరుగా కాలువలోకి పోకుండా ముందు ఈ తొట్టిలోకి వస్తాయి. అక్కడ నిలిచి చల్లారతాయి. కొవ్వు నీళ్ళకంటే తేలిక గనుక పైకి తేలుతుంది. మెతుకులు అడుక్కి దిగుతాయి. మధ్యనున్న నీళ్ళు మాత్రం అడ్డుగోడ కింది సందులోంచి అవతలికి పోతాయి. కరెంటు అక్కర్లేదు, మందులు అక్కర్లేదు.

అయితే పైన తెట్టు, అడుగున మడ్డి కలిసి తొట్టిలో నాలుగో వంతు చేరేలోపే తీసెయ్యాలి. తీయకపోతే తొట్టి ఉన్నా లేనట్టే. సలసల కాగే నీళ్ళు, సబ్బు నీళ్ళు అదేపనిగా పోసినా కొవ్వు కరిగి దాటిపోతుంది. పళ్ళేన్ని కడిగే ముందే తుడిచేస్తే బాధ చాలా తగ్గుతుంది.

మరి తీసేదెవరు? అసలు ప్రశ్న ఇదీ! కొందరు యజమానులు తొట్టి కట్టరు. కట్టినవాళ్ళు మరిచిపోతారు. నెలల తర్వాత కంపు గిరాకీ మీదికి వస్తే, "వాడలోంచి ఇద్దర్ని పిలుచుకురా" అంటారు. ఒక తాడు, ఒక బక్కెట్టు, ఒక క్వార్టరు సీసా. అదే మనకిచ్చే రక్షణ సామగ్రి!

వినండి. కుళ్ళిన మడ్డిలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు వస్తుంది. మొదట మురిగిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. వాయువు ఎక్కువైతే ముక్కు చచ్చుబడుతుంది. వాసన పోయిందని సంబరపడేలోపే మనిషి కూలిపోతాడు. తీయబోయినవాడూ పోతాడు. 2019 జూన్‌లో గుజరాత్‌లోని దభోయి దగ్గర ఒక హోటలు సెప్టిక్ ట్యాంకు ఏడుగుర్ని మింగింది.

2013 చట్టం రక్షణ లేకుండా మనిషిని మురుగు గొట్టంలో, సెప్టిక్ ట్యాంకులో దించొద్దంది. మురుగు గొట్టాల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. కానీ "ఇది జిడ్డు గొయ్యి, సెప్టిక్ ట్యాంకు కాదు" అని రేపొకడు తప్పించుకోజూస్తాడు. విషవాయువుకి ఆ తేడా తెలుసా?

1985లో కారంచేడులో గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగలు తాగే నీళ్ళను మురికి చేయొద్దన్న దగ్గర. మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి ఎదురు నిలిచింది. జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. నాడు వాళ్ళ మురికి మన నీళ్ళలోకి వచ్చింది. నేడు వాళ్ళ మురికిలోకి మనల్నే దించుతున్నారు. బిందె ఎత్తిన ఆ చెయ్యి మనకి మార్గం.

అందుకే మున్సిపాలిటీల ముందు మన మాట ఇది. జిడ్డు తొట్టి చూశాకే హోటలుకి లైసెన్సు ఇవ్వండి. చిన్న తొట్టయితే మనిషి దిగకుండా పైనుంచే తోడేటట్టు ఉండాలి. పెద్దదైతే పంపు లారీ రావాలి. ఖర్చు యజమానిది. తీసిన తేదీ పుస్తకంలో రాయాలి, ఆ పుస్తకం అడిగినవాడికి చూపించాలి.

ఇక మనలో మన మాట. ఎవరు పిలిచినా, ఎంతిస్తానన్నా గోతిలో దిగొద్దు. పక్కవాణ్ణి దిగనివ్వొద్దు. కూలి పోతే రేపు మళ్ళీ అడుగుదాం. మనిషి పోతే ఎవర్ని అడుగుతాం?

జై భీమ్!