కొత్త మందుల పరీక్షలు – మన భయాలు



ఊపిరితిత్తుల కాన్సరు అనగానే "చుట్ట కాల్చేవాడా?" అని అడుగుతాం. మా పిన్ని చుట్ట మాట అటుంచి, వక్కపొడి కూడా ఎరగదు. మాచర్లలో ముప్ఫై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదిందంతే. దగ్గు పట్టుకుంటే ముందు టీబీ అన్నారు. నెలల తరబడి ఆ మందులే మింగింది. తీరా హైదరాబాదు తీసుకువెళ్లేసరికి జబ్బు బాగా ముదిరిపోయింది.

అక్కడి డాక్టరుగారు, "రెండు మూడు మందులు కలిపి ఇస్తే ఎలా పనిచేస్తాయో పరీక్షిస్తున్నాం. ఇష్టమైతే ఈమెనూ చేర్చుకుంటాం" అన్నారు. మా బాబాయి చివాల్న లేచి, "మా మనిషేమన్నా కుందేలా?" అన్నాడు. మేమంతా ఆయన పక్షమే.

బాబాయికి ఆ కోపం ఊరికే రాలేదు లెండి. 2011లో మన పిడుగురాళ్ల సంగతి పేపర్లలో చదివాం గదా. పేద స్త్రీలకు డబ్బు ఆశ చూపి హైదరాబాదు తీసుకుపోయి, రొమ్ము కాన్సరు మందు వారి మీద పరీక్షించారనీ, సంతకం పెట్టిన కాగితంలో ఏముందో వారికి తెలియదనీ గొడవైంది. పై అధికారులు ఆ సంస్థ పరీక్షలను నిలిపివేయించారు. అది జరిగింది మన పక్క ఊరివాళ్లకు. భయం ఉండదూ?

అయితే డబ్బిచ్చి ఆరోగ్యవంతుల మీద చేసే పరీక్ష వేరు, రోగికి వైద్యంగానే చేసే పరీక్ష వేరు. ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది.

బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ వనితా నొరోనా, డాక్టర్ కుమార్ ప్రభాష్ మొదలైనవారు ముదిరిన ఊపిరితిత్తుల కాన్సరు రోగులు 350 మందితో ఇలాంటి పరీక్షే చేశారు. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువు మారినందువల్ల వచ్చే రకం అది. పొగ తాగని ఆడవాళ్లలో తరచు కనబడేది ఈ రకమే. చీటీలు వేసినట్లు రోగుల్ని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి రోజూ జెఫిటినిబ్ మాత్ర. రెండో భాగానికి ఆ మాత్రతో పాటు పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ అనే రెండు మందులు నరంలోకి ఎక్కించారు. 2019లో ఫలితాలు తేలాయి. మాత్ర ఒక్కటే వేసుకున్నవారిలో జబ్బు అదుపులో ఉన్నది సుమారు 8 నెలలు, కలిపి పుచ్చుకున్నవారిలో 16 నెలలు. ఊరికే రాలేదు సుమండీ! తీవ్రమైన బాధలు మొదటివారిలో నూటికి 25 మందికి వస్తే, రెండోవారిలో 51 మందికి వచ్చాయి.

ఆ పెమెట్రెక్సెడ్‌కూ మనకూ చుట్టరికం ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఉండగా ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. గర్భిణీలకు ఆసుపత్రిలో ఇచ్చే మాత్రలో ఉండేది అదే. తర్వాత అచ్చం దానిలాగే కనబడి కాన్సరు కణాన్ని మోసగించే మందులు చేశారు. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్తపు కాన్సరు వచ్చిన పసిపిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. ఆ పిల్లల తల్లిదండ్రులకు ఎంత భయం వేసి ఉంటుందో! పెమెట్రెక్సెడ్ ఆ కుటుంబపు మందే. దాని బాధలు తగ్గడానికి రోగికి మళ్లీ ఫోలిక్ ఆమ్లం మాత్రలే ఇస్తారు, బి12 ఇంజెక్షనుతో పాటు.

ఇక కాగితం సంగతి. 2019 నాటి నిబంధనల ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలో అంతా చెప్పాలి. చదువురానివారైతే సంబంధం లేని సాక్షి ఎదుట చెప్పాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చు. పరీక్ష వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, నష్టపరిహారం ఇవ్వాలి. ఏ భాగంలో పడతామో మాత్రం ముందు చెప్పరు.

మా పిన్ని చేరి ఉంటే బతికేదని నేననను. ఆమెది ఏ రకమో కూడా మేం కనుక్కోలేదు. కాని పిన్నికి చదువొచ్చు. రోజూ పేపరు చదివేది. మేం వరండాలో నిలబడి వద్దనుకున్నప్పుడు ఆమె లోపల బల్ల మీద కూర్చునే ఉంది. తిరిగి వస్తుంటే సాగర్ దాటాక బస్సులో నన్నడిగింది:

"ఏమే అమ్మాయ్, డాక్టరుగారేదో కాగితం చూపించారే, ఏమిటది?"

"ఏం లేదు పిన్నీ, బిల్లు" అన్నాను.