ఏకచక్రపురమున ఒక యిల్లు



బకాసురుని కథ వినని పెద్ద జక్రాన్‌పల్లి ప్రాంతమున నుండడు. ఇందూరు మీదుగా పడమరగా పోయినచో వచ్చు బోధను పట్టణమే, 1937లో చక్కెర కర్మాగారము వెలసి 2015లో అది మూతపడిన ఆ పట్టణమే, నాటి ఏకచక్రపురమని మనవారి నమ్మకము. వంగదేశమునను ఆ పేరు చెప్పుకొను గ్రామ మున్నది. ఆ తగవు తీర్చుట నా పని గాదు.

ఈ కథలో మనము భీముని తిండిని, గుద్దులను దలచి నవ్వుకొందుము. నేను మాత్రము పాండవులు తలదాచుకొన్న బ్రాహ్మణుని యింటిలోనికి మిమ్ము దీసికొనిపోవ దలచితిని. పూర్వుల నడవడి ఆ పోరాటమునందుకంటె ఆ యింటి యేడుపునందే నాకు స్పష్టముగా గానవచ్చినది.

బండెడు అన్నము, రెండు దున్నపోతులు, ఒక మనుష్యుడు: ఇది బకునికి ఊరు చెల్లించు పన్ను. వంతు ఆ యింటికి వచ్చినది. తండ్రి తాను పోయెదననును. భర్త లేక బిడ్డలను సాకజాలను గనుక తానే పోయెదనని భార్య యనును. ఎన్నటికైన ఒరుల కీయదగిన పిల్లను గదా, నన్నే పంపుడని కూతురు వేడును. అంతట మాటలు సరిగా రాని పసివాడు గడ్డిపోచ నొకటి చేతబట్టి, దీనితోనే రాక్షసుని జంపెదనని ముద్దుగా బలుకును. ఏడ్చుచున్నవారికి నవ్వు వచ్చినది. చావు గుమ్మమున నిలిచిన యింట ఇట్టి నవ్వును జూపిన కవి మనుష్యుల నెంతగా జూచినవాడో!

నన్నయ 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కోరికపై ఆదిపర్వమును తెనిగించెను. సంస్కృత మూలమున మనము తరచుగా విడిచిపెట్టు మాటలు రెండు గలవు. ఊరు విడిచి పోదమని భర్త ముందే చెప్పగా, తాను పుట్టి పెరిగినది ఇచ్చటనే, తన తండ్రి యున్నది ఇచ్చటనే యని భార్య కదలలేదట. ఇట్టి యిల్లాండ్రను మీరెరుగరా? రెండవ మాట కఠినము. ఒక మనుష్యుని గొని పంపుటకు తనయొద్ద ధనము లేదని ఆ గృహస్థు చెప్పును. అనగా కలవాడు లేనివానిని గొని తన వంతు తీర్చుకొనవచ్చునన్నమాట! ఏలిక దుర్బలుడని కూడ అతడే వాపోవును. ఇది చదివిన పిమ్మట బకు డొక్కడే రాక్షసుడని నాకు దోచలేదు.

తన కైదుగురు కొడుకులు, ఒకని బంపెదనని కుంతి యనును. అతిథిని చావునకు బంపి తాము బ్రతుకుట పాపమని బ్రాహ్మణు డొప్పుకొనడు. ధర్మరాజు సైతము తల్లిపై నలుగును. ఎవని బాహుబలము నమ్మి రాజ్యము నాసించుచున్నారో, వానినే పోగొట్టుకొనుటా? వారి నీడన సుఖముగా నుంటిమి, పొందిన మేలునకు మించి చేయవలయునని ఆమె సమాధానము. అట్లని కొడుకును బలి యిచ్చినది కాదు. భీముని బలమెరిగియే పంపినది. ఆ లెక్కయు ఆమె గుణములోనిదే.

బకుడు చచ్చిన పిమ్మట ఊరివారు వచ్చి బ్రాహ్మణుని నడిగిరి. మంత్రసిద్ధు డొక డెవడో తన దుఃఖము జూచి అన్నము గొనిపోయెనని అతడు చెప్పెను గాని అతిథుల గుట్టు బయటపెట్టలేదు. ఊరెల్ల పండుగ చేసికొన్నది. చంపినవాడు మాత్రము ఎప్పటివలె ఆ యింటనే యుండెను.