అరవై నిండిన లెక్క



1954లో తిరుపతిలో మొదలైన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తొలి దశాబ్దంలో పనిచేసిన గణితాచార్యుల్లో మతుకుమల్లి వెంకట సుబ్బారావుగారు ఒకరు. 1921లో గుంటూరు జిల్లా యాజలిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. 1963లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయానికి వెళ్లి, 2006లో కన్నుమూసేదాకా ఆ దేశంలోనే ఉన్నారు. విభజనల సిద్ధాంతంలో ఆయన పేరు పెద్దది. అయినా ఈ సాయంత్రం ఆయన చేసిన ఒక చిన్న మార్పు గురించే మాట్లాడతాను.

ఒక సంఖ్యకు, దాన్ని మినహాయించి, మిగతా కారణాంకాలన్నీ కూడండి. 8కి 7 వస్తుంది, అది న్యూన సంఖ్య. 12కి 16 వస్తుంది, అది అధిక సంఖ్య. 6కి 6 వస్తే పరిపూర్ణ సంఖ్య. ఈ మూడు తరగతులనూ సుమారు క్రీ.శ. 100లో నికోమాకస్ వివరించాడు. సరి పరిపూర్ణ సంఖ్యల రూపాన్ని యూక్లిడ్, ఆయిలర్ తేల్చేశారు. బేసి పరిపూర్ణ సంఖ్య ఉందో లేదో నేటికీ ఎవరూ తేల్చలేదు.

1966లో సుబ్బారావుగారు, ఎల్. జె. వారెన్ కలిసి రాసిన వ్యాసంలో అన్ని కారణాంకాలనూ లెక్కలోకి రానివ్వలేదు. సంఖ్యను రెండు ముక్కల లబ్ధంగా రాసినప్పుడు ఆ రెండింటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండకూడదన్నారు. అలాంటివే యూనిటరీ కారణాంకాలు. మన సంవత్సరాల చక్రంలోని 60నే చూడండి. 2×30లో రెంటికీ 2 ఉమ్మడి, కనుక రెండూ పోతాయి. 6, 10 కూడా అంతే. మిగిలినవి 1, 3, 4, 5, 12, 15, 20. కూడితే సరిగ్గా 60! పాత లెక్కలో 108 వచ్చి అధిక సంఖ్య అనిపించుకున్నది ఇక్కడ పరిపూర్ణమైంది.

ఇప్పుడు బేసి సంఖ్యల సంగతి. 45 అంటే 9×5. దాని యూనిటరీ కారణాంకాల మొత్తం, 45తో సహా, (9+1)(5+1). బేసి సంఖ్యకు ప్రతి బ్రాకెట్టూ సరి సంఖ్యే. మొత్తం ఆ సంఖ్యకు రెట్టింపు కావాలంటే అందులో 2 ఒక్కసారే ఉండాలి, అంటే బ్రాకెట్టు ఒక్కటే ఉండాలి. అప్పుడు ఆ సంఖ్యకు 1 కలిపితే రెట్టింపు కావాలి. 1కి తప్ప అది కుదరదు, 1కేమో బ్రాకెట్టే లేదు. కాబట్టి బేసి యూనిటరీ పరిపూర్ణ సంఖ్య లేదు. వేల ఏళ్లుగా లొంగని ప్రశ్న, నిర్వచనం కాస్త మారగానే నల్లబల్ల మీద నాలుగు వరుసల్లో తేలిపోయింది. నాకు ఇది అబ్బురంగానే ఉంటుంది.

కష్టం సరి సంఖ్యల వైపు మళ్లింది. యూనిటరీ పరిపూర్ణ సంఖ్య అయిన 87,360ని విడగొట్టండి: 64×3×5×7×13. 64కి 1 కలిపితే 65, అందులోంచి 5, 13 వస్తాయి. 13+1లో 7, 5+1లో 3 వస్తాయి. ఇలా వచ్చే ప్రతి బేసి ప్రధాన సంఖ్యా తనతో మరికొన్ని 2లను తెస్తుంది. 64లో ఆరు 2లు, రెట్టింపుకు మరొకటి, కనుక ఆ 2లు సరిగ్గా ఏడు కావాలి. లెక్కపెట్టండి, ఏడే. ఇంత కచ్చితంగా కుదరడం అరుదు. 6, 60, 90, 87,360 ఆ 1966 వ్యాసంలోనే ఉన్నాయి. 24 అంకెల అయిదోదాన్ని ఛార్లెస్ వాల్ 1975లో ప్రచురించారు. ఇలాంటివి పరిమితంగానే ఉంటాయని సుబ్బారావుగారి ఊహ. ఆరోది ఇంకా దొరకలేదు, ఆ ఊహకు నిరూపణా రాలేదు.