చెయ్యి ఎత్తే ముందు



మన తీరంలో పెద్దవల లాగడం ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది చూసే ఉంటారు. వలకు రెండు తాళ్లు, తాడుకో జట్టు. ఒక జట్టు తొందరపడితే వల వంకరపోతుంది, చేప జారిపోతుంది. అందుకే ఒకరు రెండు పక్కలా చూస్తూ కేకేస్తారు. వాద్యబృందాన్ని నడిపే కండక్టర్ పని కూడా ఇదే. ఆ పని చేసిన ఒక తెలుగువారి గురించి చెబుతాను.

వైణికులు ఈమని శంకరశాస్త్రి గారు 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. తండ్రి అచ్యుతరామశాస్త్రి గారే గురువు. మద్రాసులో జెమినీ స్టూడియోలో, తర్వాత ఆకాశవాణిలో పనిచేశారు. ఢిల్లీలో ఆకాశవాణి జాతీయ వాద్యవృందాన్ని నడిపారు. 1974లో పద్మశ్రీ అందుకున్నారు. 1987లో కన్నుమూశారు.

ఆ పని ఎంత కష్టమో చూడండి. మన కచేరీకి ప్రాణం విద్వాంసుడి మనోధర్మం. రాగం అక్కడికక్కడే పెరుగుతుంది, పక్కవాద్యాలు వెంట నడుస్తాయి. వృందంలో అలా కుదరదు. ఎవరు ఏ స్వరం వాయించాలో ముందే రాసి ఉండాలి. అయితే కాగితం మీద గాంధారం ఒకే అక్షరం. హిందుస్తానీ కళాకారుడు దాన్ని ఒకలా పలికిస్తాడు, కర్ణాటక విద్వాంసుడు మరోలా ఊపుతాడు. గమకం రాతకు పూర్తిగా లొంగదు. ఎవరు ఎంత ఊపాలి, వీణ వినబడాలంటే మృదంగం ఎక్కడ తగ్గాలి అన్నది సాధనలో కూర్చుని, విని, తేల్చాలి. సభకు కనిపించేది చేతులే. అసలు పని చేసేది చెవులు. ఒంటరిగా వీణ మీటి సభను మెప్పించగల మనిషి, పదిమంది వాద్యాలు పలకడం కోసం అలా చెవొగ్గారు. నాకు ఆయనలో అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే.

అలాంటి చెవిని నేను మా ఊళ్లోనూ చూశాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన ఉద్దానం కొబ్బరినీ జీడితోటలనూ నేలకూల్చింది. మర్నాడు మా ఊళ్లో చెట్లు నరకడానికి చేతులు చాలానే ఉన్నాయి. కానీ ఒక పెద్దాయన గొడ్డలి పట్టకుండా ముందు ఇంటింటికీ వెళ్లి, డయాలసిస్‌కు వెళ్లాల్సినవాళ్లు ఎవరింట్లో ఉన్నారో అడిగారు. ఆ ఇళ్ల దారులే ముందు తెరిపించారు. ఆయనకు సంగీతం రాదు. అయినా ఆ రోజు ఊరిని నడిపింది ఆయన చెవే.

మీలో కొందరు పలాస జీడి పరిశ్రమల్లో, కొందరు టెక్కలి గ్రానైట్ క్వారీల్లో, ఇంకొందరు దూరపు నగరాల్లో పనిచేస్తారు. ఏదో ఒకనాడు నలుగురు మీ చేతి వైపు చూస్తారు. ఆ రోజు జీడిగింజలు కొట్టి వేళ్లు నల్లబడ్డ అమ్మ ఏం చెబుతోందో వినండి. అందరికన్నా మెల్లగా మాట్లాడేవాళ్ల మాట వినండి. ఆ తర్వాతే చెయ్యి ఎత్తండి.

మీ చేతికి ఏ వల వచ్చినా, రెండు తాళ్లూ సమంగా ఒడ్డు చేరాలని మనసారా దీవిస్తున్నాను.