అనాథ శిశువుల మనస్సంరక్షణ – దానికి వలయు ధనము

(వార్షిక మహాసభయందు గావింపబడిన ఉపన్యాసము)



దిక్కులేని బిడ్డల కన్నము పెట్టుట మన సంఘమునకు క్రొత్త గాదు. వసతిగృహమును గట్టించితిమి, పుస్తకములకు, పరీక్షరుసుములకు విరాళము లిచ్చితిమి. కాని ఆ బిడ్డల మనస్సునకై యెంత వ్యయపఱచితిమని జమాఖర్చుల పుస్తకమును తెఱచి చూచినచో, అట్టి పద్దే కానరాదు. నేటి నా విన్నపము ఆ పద్దును గుఱించియే.

తలిదండ్రులను గోల్పోయిన బిడ్డ, ఇంట హింసకు లోనైన బిడ్డ, తన దుఃఖమును మాటలలో జెప్పనేరదు. రాత్రి యులికిపడి లేచును, పక్క తడుపును, చదువున వెనుకబడును, నిష్కారణముగ కలహించును. మనము మొండితన మనియు, సోమరితన మనియు దండింతుము. అది దోషము గాదు, గాయము. ఆ బిడ్డను పెంచు అవ్వయు తన కడుపుబిడ్డను బోగొట్టుకొన్న తల్లియే గదా! ఆమెకు ధైర్యము చెప్పువారు లేక యా యిల్లు చెదరినచో, బిడ్డ అనాథాశ్రమము పాలగును. కావున సహాయము బిడ్డకే గాక కుటుంబమునకును వలయును.

శాసన మీ విషయమున మౌనము వహింపలేదు. 2015 సంవత్సరపు బాలన్యాయ చట్టము, ఆశ్రమములు చేయవలసిన సేవలలో మానసికారోగ్య సేవను, కౌన్సెలింగును పేర్కొన్నది. 2017 సంవత్సరపు మానసికారోగ్య చట్టము, ప్రభుత్వము నడపు చికిత్సను పొందు హక్కు ఎల్లరకు గలదని చెప్పి, బాలుర సేవల నందు జేర్చినది. మిషన్ వాత్సల్య పథకమున, కుటుంబమునందే పెరుగు అర్హులగు బిడ్డలకు నెలకు 4,000 రూపాయల సాయము గలదు. అయినను ఆ పథకము ననుసరించి జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు గల కౌన్సెలరు పదవి యొక్కటే. జిల్లాలోని బిడ్డలందఱి గోడును ఒక్కరు వినగలరా?

విరాళము లేల రావు? గది గట్టించిన దాత పేరు శిలాఫలకమున నిలుచును. కౌన్సెలరు జీతమునకు శిలాఫలకము లేదు. గది యొకమారు కట్టిన చాలును. జీతము నెలనెలా ఈయవలెను. కావున శాశ్వతనిధి యవసరము. నెలకు 30,000 రూపాయల జీతమన్నచో ఏటికి 3,60,000. నూటికి 6 చొప్పున వడ్డీ వచ్చినచో 60 లక్షల మూలధనము దాని నెల్లకాలము భరించును. ఇది యొక కల్యాణమండపము కంటె గొప్ప వ్యయమా?

మఱియొక యడ్డంకి మనలోనే యున్నది. మనోవ్యాధి మాట పొక్కినచో సంబంధములు తప్పిపోవునని దాచిపెట్టుదుము. వధూవరుల వివరములు సేకరించు మన సంఘమే యీ భయమును బోగొట్టుటకు పూనుకొనవలెను. వైద్యము సిగ్గు గాదు. వైద్యము లేకుండుటయే ప్రమాదము.

కావున సభవారి ముందు మూడు తీర్మానముల నుంచుచున్నాను.

1. సంఘాదాయమున కొంత భాగము ఏటేట బాలల మనస్సంరక్షణ నిధికి జేర్చవలెను.

2. ఆ నిధితో నియమింపబడు కౌన్సెలరు మన వసతిగృహ విద్యార్థులనే గాక, కులభేదము లేక పరిసరములందలి బిడ్డలను, వారి పోషకులను గూడ చూడవలెను. అవసరమైనవారిని మనోవైద్యునికడకు బంపవలెను.

3. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సంఖ్య 14416, బాలల సహాయ సంఖ్య 1098, ప్రతి వసతిగృహమునను బిడ్డల కంటబడునట్లు వ్రాయించవలెను.

అన్నము పెట్టిన చేతులే యీ భారమును గూడ మోయగలవని నమ్మి, ఈ తీర్మానముల నామోదింప ప్రార్థించుచున్నాను.